ఫాస్టింగ్ షుగర్ సరిగ్గా 126 వచ్చింది.. నాకు షుగర్ ఉన్నట్టా, లేనట్టా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 47, బరువు 82 కిలోలు. మాది గుంతకల్లు. పోయిన నెల మా అన్న కూతురి పెళ్లయిన మర్నాడు హెల్త్ ప్యాకేజీ చేయించుకుంటే ఫాస్టింగ్ 126, హెచ్‌బీఏ1సీ 6.4 వచ్చాయి. రిపోర్టులో ‘70–100 నార్మల్, 100–125 బోర్డర్, 126 పైన షుగర్’ అని ఉంది. నాది సరిగ్గా 126. రాత్రి భోజనం అయ్యేసరికి పదకొండు, పొద్దున ఆరున్నరకు రక్తం ఇచ్చాను. తర్వాత అనంతపురంలో ఇంకో ల్యాబ్‌లో ఫాస్టింగ్ 108 వచ్చింది. అక్కడ నార్మల్ అంటే 70–110 అని రాశారు. యూరిక్ యాసిడ్ 7.3 పక్కన ‘హెచ్’ (హై, అంటే ఎక్కువ) అని కూడా వేశారు. మా వదిన తాను వాడే షుగర్ మాత్రలు ఇచ్చి మొదలుపెట్టమంటోంది. ఒకటే టెన్షన్‌గా ఉంది.

జవాబు: అంకెవరకే చూస్తే 126 షుగర్ కిందికే వస్తుంది. ‘126 పైన’ అన్న చోట ‘126, ఆపైన’ అని ఉండాల్సింది. అదే కాగితంలో 100 అటు నార్మల్‌లోనూ, ఇటు బోర్డర్‌లోనూ ఉంది, గమనించారా? ఇలా అచ్చువేస్తే చదివేవాళ్లు తికమకపడక ఏం చేస్తారు? 99 దాకా నార్మల్, 100 నుంచి 125 దాకా ప్రీడయాబెటిస్ (మీ కాగితంలో బోర్డర్ అన్నది ఇదే, షుగర్‌కు ముందు దశ), 126 నుంచి షుగర్ అని చదువుకోండి. రెండు మూడు నెలల షుగర్ సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ అయితే 5.7 లోపు నార్మల్, 5.7 నుంచి 6.4 దాకా ప్రీడయాబెటిస్, 6.5 నుంచి షుగర్. మీ 6.4 ఇంకా బోర్డర్‌లోనే ఉంది, కానీ చిట్టచివర ఉంది.

అయితే 126 వచ్చింది కాబట్టి మీకు షుగర్ అని నేను రాసివ్వను. ఫాస్టింగ్ అనాలంటే కనీసం ఎనిమిది గంటలు ఏమీ తినకుండా ఉండాలి. పదకొండు నుంచి ఆరున్నరకు ఏడున్నర గంటలే. అదీ పెళ్లి భోజనం, భక్ష్యాలు నెయ్యి వేసుకుని తిని ఉంటారు. ఆ రక్తం ఫాస్టింగ్ లెక్కలోకి రాదు. నియమం ప్రకారం ఇచ్చినా సరే, అతిదాహం, మాటిమాటికీ మూత్రం, బరువు తగ్గడం లాంటి లక్షణాలు లేనివాళ్లకు ఒక్క అంకెతో నిర్ధారించం. అదే రక్తంలో హెచ్‌బీఏ1సీ కూడా షుగర్ స్థాయిలో ఉండాలి, లేదా మరో రోజు చేసిన పరీక్షలో మళ్లీ అంతే రావాలి. మీకు ఆ రెండూ జరగలేదు.

ఇక 108 సంగతి. ఒక ల్యాబ్ 100 అని, ఇంకో ల్యాబ్ 110 అని రాయడంలో ఎవరి మోసమూ లేదు. అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ 2003లో నార్మల్ గీతను 110 నుంచి 100కు దించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 110 దగ్గరే ఉండిపోయింది. ఏ ల్యాబ్ ఏది పట్టుకుంటే అది అచ్చు వేస్తుంది. 126 కూడా ఆకాశం నుంచి ఊడిపడలేదు. 1997కు ముందు అక్కడ 140 ఉండేది. కంటి రెటీనా ఏ స్థాయి నుంచి దెబ్బతింటోందో చూసి దాన్ని కిందికి తెచ్చారు. మీ విషయంలో నేను 100నే పట్టుకుంటాను. రెండు మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ 6.4 ఉన్నప్పుడు 108ని నార్మల్ అనుకుని ఊరుకోవడం నాకు నచ్చదు. కాబట్టి ఇప్పటికి మీది ప్రీడయాబెటిస్.

అనుమానం పూర్తిగా తీరాలంటే 75 గ్రాముల గ్లూకోజ్ తాగించి రెండు గంటలకు చేసే పరీక్ష చేయించుకోండి. 140 లోపు నార్మల్, 140–199 బోర్డర్, 200 నుంచి షుగర్. ముందురోజు రాత్రి ఎనిమిదిన్నరకల్లా తినేయండి. పొద్దున టీ కూడా వద్దు, చక్కెర లేనిదైనా సరే. మంచినీళ్లు తాగొచ్చు. ఇంట్లో వేలు గుచ్చి చూసే మిషన్‌ను మాత్రం ఈ నిర్ధారణకు వాడకండి. వాటికి 15 శాతం అటూ ఇటూ తేడా అనుమతిస్తారు. అంటే అసలు 126 ఉంటే మిషన్ 107 చూపించినా, 145 చూపించినా తప్పుపట్టలేం.

యూరిక్ యాసిడ్ పక్కన ఆ ‘హెచ్’ను చూసి భయపడకండి. అలాంటి రేంజ్‌లు చాలావరకు ఆరోగ్యవంతుల్లో మధ్యనున్న 95 శాతం మందిని బట్టి వేస్తారు. అంటే ఏ జబ్బూ లేనివాళ్లలోనే నూటికి ఐదుగురు బయట పడతారు. ప్యాకేజీలో ఇరవై ముప్పై పరీక్షలుంటే ఒకట్రెండు అక్షరాలు ఎర్రగా పడటం మామూలే. కీళ్ల వాపు, కిడ్నీ రాళ్లు లేకపోతే 7.3కి మాత్ర అక్కర్లేదు. మన ఎండలకు నీళ్లు బాగా తాగండి.

వదిన గారి మాత్రలు తిరిగిచ్చేయండి. ఆమె కిడ్నీ, ఆమె వయసు, ఆమె షుగర్ చూసి ఎవరో రాసిన మోతాదు అది. కొన్ని షుగర్ మాత్రలు మీలాంటివాళ్లకు షుగర్‌ను మరీ కిందికి లాగి కళ్లు తిరిగేలా చేస్తాయి. మీకు ఇప్పుడు కావాల్సింది ఐదారు కిలోల బరువు తగ్గడం, వారానికి 150 నిమిషాల వేగమైన నడక. రాగి సంగటి తింటున్నాం కదా అని ధీమాగా ఉండేవాళ్లను రోజూ చూస్తుంటాను. అందులో బియ్యం ఎంత వేస్తున్నారో, ముద్ద ఎంత పెద్దదో ఎవరూ చెప్పరు. బియ్యం తగ్గించి చిన్న ముద్ద చేసుకోండి, పక్కన ఆకుకూర పప్పు ఎక్కువ వడ్డించుకోండి. పొద్దున ఉగ్గాని తింటే బజ్జీలు మానేయండి.

మూడు నెలల తర్వాత హెచ్‌బీఏ1సీ మళ్లీ చేయించండి, వీలైతే అదే ల్యాబ్‌లో. ఈలోగా దాహం, మూత్రం ఎక్కువైనా, తినేది తింటూ కూడా బరువు తగ్గుతున్నా అంతదాకా ఆగకుండా దగ్గర్లోని ఫిజీషియన్‌ను కలవండి.