కాయిల్ మార్చినా మూడో సిలిండర్ మిస్సింగ్ పోతలేదా? ఇంజన్ దించకుర్రి

మీరు అడిగింది నాకు అర్థమైనకాడికి ఇది: టర్బో, అంటే ఇంజన్ల గాలి కుక్కే పంకా, ఉన్న పెట్రోల్ బండి, నిమ్మళంగ పోతే ఏం లేదు, కాలు గట్టిగ నొక్కితే మిస్సింగ్ కొడుతుంది, పికప్ సచ్చిపోయింది, స్కానర్ల మూడో సిలిండర్ అని వస్తుంది, ప్లగ్గుకు కరెంటిచ్చే కాయిల్ మారిస్తే రెండు రోజులు మంచిగ ఉండి మళ్ల షురూ, మెకానిక్ ఏమో ఇంజన్ దించాలంటుండు, దించాల్నా? వద్దన్నా. నాకు గిదే అయ్యింది, ఆ మూడో నంబర్‌తో సహా.

నాది రెండు లీటర్ల టర్బో, కంపెనీ పేరు చెప్ప, ఎందుకంటే తప్పు బండిది కానే కాదు. కొని నల్లగొండ తెచ్చిన రోజు మా చిన్నాయన ఫస్ట్ అడిగింది మైలేజ్ ఎంత అని, తర్వాత గీ పైసలకు రెండు ట్రాక్టర్లు వచ్చు కదరా అని. ఇగ ఊర్లల్ల ఎవనికి తోస్తే వాడు పోసిన స్పీడ్ బ్రేకర్లకు కింద గీసుకపోవుడు వేరే లొల్లి, అది ఇప్పుడొద్దు.

ఒక ఆదివారం పొద్దుగూకినంక హైదరాబాద్ కెళ్లి వస్తున్న. పంతంగి టోల్ కాడ గేటు లేవంగనే అందరం చేసేదే, కాలు దించిన. రెండో గేర్ మంచిగనే గుంజింది, మూడో గేర్ల పడంగనే బండి మొత్తం దడదడ ఊగింది, దమ్ము రోగమున్న ముసలోడు మెట్లెక్కినట్టు. మీటర్ల ఇంజన్ లైటు కొట్టుకుంటుంది. ఈ లైటు సంగతి శానమందికి తెల్వదు. ఊకె వెలిగి ఉంటే మెల్లగ ఇంటికి పోవచ్చు, కొట్టుకుంటుంటే మాత్రం కాలు తీసెయ్యాలె, ఎందుకంటే సిలిండర్ల కాలని పెట్రోలు పొయ్యి సైలెన్సర్ లైన్ల పొగను సాఫ్ చేసే కన్వర్టర్‌ల కాలుతది, అది లోపల కరిగిందనుకో, దాని ఖర్చు ముందు కాయిల్ ఖర్చు చిల్లర పైసలే. కొన్ని బండ్లల్ల కంప్యూటరే ఆ సిలిండర్‌కు పెట్రోలు బంద్ చేస్తది, మిగిలిన మూడింటి మీద ఈడ్సుకొస్తది, పికప్ పోయేది అందుకే. నేను చిట్యాల దాక నలభై స్పీడ్‌ల పోయిన, ఎనక లారీలోళ్లు హారన్లు కొట్టి కొట్టి చంపిండ్రు.

తెల్లారి సిటీల పెద్ద వర్క్‌షాప్‌ల పెట్టిన, పేరొద్దు. స్కానర్ల పి0303 వచ్చింది, అంటే మూడో సిలిండర్ మిస్‌ఫైర్, ఆడ పెట్రోలు సరిగ కాలుతలేదని. గంతే చెప్తది అది. ఎక్కడో చెప్తది, ఎందుకో చెప్పదు. టై కట్టిన పిలగాడు వచ్చి కాయిల్ అన్నడు, మార్చిండ్రు, రెండు రోజులకు మళ్ల వచ్చింది. నాలుగు కాయిళ్లు మారుద్దాం సార్ అన్నడు, మార్చిండ్రు, మళ్ల రెండు రోజులే. పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్ అన్నరు, అదీ చూసిండ్రు. ఆఖరికి హెడ్, అంటే ఇంజన్ మీది భాగం, ఓపెన్ చేయాలె సార్ అన్నడు. అరే, మూడో దాని కాయిల్ పీకి ఒకటో దాంట్ల పెట్టి నడిపి చూడుర్రి, కోడ్ 0301కి మారితే కాయిల్‌దో దాని రబ్బరు బూటుదో తప్పు, 0303 దగ్గర్నే ఉంటే కాయిల్‌ది కాదు, పది నిమిషాల పని, రూపాయి ఖర్చు లేదు. అది ఒక్కడు చెయ్యలే. ఎందుకు చేస్తరు, కొత్త కాయిల్ మీద బిల్లయితది, జాగా మారిస్తే ఏమైతది?

మా బామ్మర్దేమో పెట్రోల్ల నీళ్లున్నయి బావా అంటడు. ఇప్పుడు ఏ బండికి ఏమైనా పెట్రోల్ మీదనే పెడుతుండ్రు. పెట్రోల్ ఖరాబైతే నాలుగు సిలిండర్లు ఏడవాలె కద, మూడోదానికే పగ ఉంటదా.

బండి తీస్కొని వచ్చేసిన. దేవరకొండ రోడ్డుల ట్రాక్టర్లు, పాత జీపులు చేసే ఒక పెద్దాయన ఉంటడు, టర్బో పెట్రోల్ బండి అంతకు ముందు ఎన్ని చేసిండో డౌటే. కోడ్ చూపెట్టబోతే ఫోన్ దిక్కు చూడనే లేదు. "బానెట్‌ల ఆఖరుకు ఎవని చెయ్యి పడ్డది బిడ్డా?" అన్నడు. అప్పుడు యాదికొచ్చింది, మిస్సింగ్ రాకముందు మూడు వారాల కింద సర్వీసింగ్‌ల ప్లగ్గులు కొత్తయి ఏయించిన. కొత్తయే కద అని ఎవ్వడు వాటిని ఊడదియ్యలే!

మూడోది ఊడదీసి గుడ్డతోని తుడిచి ఎండకు పట్టిండు. తెల్ల పింగాణీ మీద పెన్సిల్‌తో గీసినట్టు సన్నటి నల్ల గీత, గోరుతోని గీకినా పోదు. కాయిల్ రబ్బరు బూటు లోపల అదే జాగల అసొంటిదే ఇంకో గీత. కింద పడ్డ ప్లగ్గు అన్నడు. లేకుంటే బిగించేటప్పుడు పానా వంకర పోయి పింగాణీ నెర్రె ఇచ్చింది. నేను కండ్లతోని చూడలే గని ఒట్టేసి చెప్త, సర్వీసింగ్‌ల ప్లగ్గులేసిన పోరడు కింద పడేసి, దులిపి పెట్టిండు.

కాలు నొక్కినప్పుడే ఎందుకొస్తదంటే, టర్బో గాలి కుక్కితే సిలిండర్‌ల ప్రెషర్ పెరుగుతది, ప్రెషర్ పెరిగిన కొద్ది నిప్పురవ్వ ప్లగ్గు గ్యాప్ దాటుడు కష్టమైతది. సాగర్ ఎడమ కాల్వకు నీళ్లు నిండుగ ఇడిస్తే గట్టుకు ఏడ నెర్రె ఉంటే ఆడ గండి పడ్డట్టే, కరెంటు ఆ పగులు పట్టుకొని పక్కకు దూకుతది. కొత్త కాయిల్ రెండు రోజులు ఎందుకు ఆగుతుందంటే దాని బూటు కొత్తది, పగిలిన ప్లగ్గు దాన్ని కాల్చేదాక ఆగుతది. అందుకే ప్లగ్గు, బూటు రెండూ ఒక్కసారే మార్చాలె. గ్యాప్ కూడ చూడుర్రి, టర్బో బండ్లకు మామూలుగ 0.7, 0.8 మిల్లీమీటర్ల దగ్గర ఉంటది, మీ బుక్కుల ఎంతుంటే గంతే.

మార్చినం, మిస్సింగ్ పోయింది, కని దమ్ము సగమే ఉంది. నాకైతే ఏడుపొచ్చింది. ఈసారి కోడ్ పి0299, టర్బో గాలి సరిపోతలేదని. పెద్దాయన బోరు సామాన్ల షాపుల నుంచి పీవీసీ క్యాపు తెప్పించి, దానికి ట్యూబ్ వాల్వు బిగించి, టర్బో గాలి గుంజే మూతికి తొడిగి, కంప్రెసర్ గాలి కొంచెం కొంచెం ఇచ్చుకుంట పైపులన్నిటి మీద సబ్బు నీళ్లు కొట్టుమన్నడు. టర్బో గాలిని సల్లార్చే ఇంటర్‌కూలర్ కింద పైపు కాడ బుసబుస నురుగొచ్చింది. క్లిప్పు సగమే కూసుంది. ముందు లేని రోగం అది, ఇంజెక్టర్ చూస్తమని పైపు ఊడదీసినోళ్లే అంటగట్టిండ్రు! ఆయన బొటనవేలితోని నొక్కిండు, టక్కుమంది. ఎనిమిది వందలు తీస్కుండు, అందుల క్యాపు పైసలు కూడ ఉన్నయి. ఆయన కొడుకు సిటీల సాఫ్ట్‌వేర్ అట, షెడ్డు ఎన్నేండ్లు నడుస్తదో.

మీరైతే రేపు ఇంజన్ చల్లగున్నప్పుడు మూడో ప్లగ్గు తీసి ఎండల చూడుర్రి, బూటు లోపల టార్చ్ కొట్టుర్రి. గీత లేకుంటే పైపు క్లిప్పులు, అవీ మంచిగుంటే కంప్రెషన్, అంటే ఒక్కో సిలిండర్ల ప్రెషర్ ఎంతుందో, కొట్టించుర్రి. నాలుగు సిలిండర్లు దగ్గర దగ్గర చూపిస్తే ఇంజన్ దించుమన్నోని దగ్గరకెళ్లి ఆ రోజే బండి తీస్కొని రార్రి.