జార్జ్ స్నేహం గురించి అందరూ అడుగుతారు, లెన్నీ స్నేహం మాటేమిటి?

అమెరికాలో తొమ్మిదో తరగతి చదువుతున్న మీ అబ్బాయికి జాన్ స్టైన్‌బెక్ నవల ‘ఆఫ్ మైస్ అండ్ మెన్’ పాఠంగా వచ్చిందనీ, కథ చివర జార్జ్ తన స్నేహితుడు లెన్నీని తుపాకీతో కాల్చడం స్నేహమా, హత్యా అని అతను అడిగితే ఏం చెప్పాలో మీకు తోచలేదనీ రాశారు. 1937లో ఈ పుస్తకం వచ్చినప్పటి నుంచీ పాఠకులు ఆ ఒక్క ప్రశ్న దగ్గరే రెండు పక్షాలుగా చీలిపోతున్నారు. పసివాడి బుద్ధి గల లెన్నీ భయంలో తెలియక ఒక అమ్మాయి ప్రాణం తీశాడు, వెంటాడి వస్తున్న గుంపు చేతికి చిక్కితే అతనికి ఇంతకన్నా ఘోరమైన చావు తప్పదు గనుక జార్జ్ చేసింది దయ అంటారు కొందరు. ఎంత దయ అయినా ప్రాణం తీసే హక్కు స్నేహితుడికి ఎవరిచ్చారంటారు మరికొందరు. డిగ్రీ కళాశాలలో ఇంగ్లీషు పాఠాలు చెప్పిన ఇరవై ఎనిమిదేళ్లలో ఈ రెండు వాదనలూ నేను లెక్కలేనన్ని సార్లు విన్నాను. ఇద్దరూ ఒకే చోట పొరపడుతున్నారని నా గట్టి నమ్మకం. స్నేహం అంటే జార్జ్ ఇచ్చేదీ, లెన్నీ పుచ్చుకునేదీ అని ముందే నిర్ణయించుకొని, ఆ తరువాత జార్జ్ ఒక్కడికే మార్కులు వేస్తున్నారు. లెన్నీ కూడా స్నేహితుడేనన్న సంగతి ఎవరికీ గుర్తుండదు.

ఇంత నమ్మకంగా చెప్పడానికి నా చదువు కారణం కాదు. మా అన్నయ్య కారణం.

అన్నయ్య నాకన్నా ఐదేళ్లు పెద్దవాడు, ఆరడుగులు దాటిన మనిషి, రెండు వడ్ల బస్తాలను ఒకేసారి భుజాన వేసుకొని నడవగలిగినవాడు. మనసు మాత్రం ఆరేళ్ల పిల్లవాడి దగ్గర ఆగిపోయింది. ఊళ్లో వాళ్లు ‘వెర్రోడు’ అనేవారు. మా అమ్మ ‘అమాయకుడు’ అనేది. నరసరావుపేట చుట్టుపక్కల మా పల్లెలో అలాంటి పిల్లల కోసం బడి గానీ, సలహా చెప్పే వైద్యుడు గానీ ఉన్న కాలం కాదది. అతన్ని ఎలా చూసుకోవాలో అమ్మ తనంతట తాను కనిపెట్టింది. భయం వేసినప్పుడు అన్నయ్య చేతిలో ఏముంటే దాన్ని ఇంకా గట్టిగా పట్టుకునేవాడు. అరిస్తే పట్టు మరింత బిగిసేది. అప్పుడు అమ్మ అతని వీపు మీద చెయ్యి వేసి, మెల్లగా, ‘బండి కడుతున్నారు నాన్నా, పోదాం రా’ అనేది. ఆ మాట చెవిన పడగానే వేళ్లు విడిపోయేవి, ఎందుకంటే ఎడ్లబండి ఎక్కడం కన్నా అతనికి ఇష్టమైనది లోకంలో మరొకటి లేదు.

నాకు పంతొమ్మిదేళ్లప్పుడు మహాశివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్లకు అన్నయ్యను నేనే తీసుకువెళ్లాను. చుట్టుపక్కల ఊళ్ల వాళ్లు తెచ్చిన ప్రభలు విద్యుద్దీపాలతో ఆకాశమంత ఎత్తున వెలుగుతుంటే అన్నయ్య నోరు తెరిచి చూస్తూ ఉండిపోయాడు. అక్కడ నా కళాశాల మిత్రులు నలుగురు కలిశారు. నేను వాళ్లతో మాటల్లో పడ్డాను. ఇంతలో వెనుక నుంచి ఒక ఆడపిల్ల ఏడుపు వినిపించింది. ఎనిమిదేళ్ల పాప, ఎర్రటి పట్టు పావడా కట్టుకుంది, ప్రభల వెలుతురుకి ఆ పావడా అంచు జరీ మెరుస్తోంది. అన్నయ్య ఒక చేత్తో ఆ అంచు పట్టుకొని, కింద కూర్చొని, రెండో చేతి వేలితో జరీని నిమురుతున్నాడు. పాప ఏడ్చేసరికి భయపడ్డాడు. భయపడి, పిడికిలి బిగించాడు. పాప తల్లి కేకలు పెట్టింది, మనుషులు మూగారు, ఒకడు చెంప మీద కొట్టాడు, మరొకడు చెరుకుగడ విరిచి వీపు మీద వేశాడు. అన్నయ్య తిరగబడలేదు. ఆ చేతులతో తిరగబడి ఉంటే ఇద్దరు ముగ్గురు కింద పడేవారు. ‘వీడు ఎవరి తాలూకు మనిషి?’ అని గుంపులో ఒక పెద్దాయన గట్టిగా అడిగాడు.

నేను మాట్లాడలేదు. ఆ పిడికిలిని విప్పే మాట ఆ పదివేల మందిలో నా ఒక్కడికే తెలుసు. పక్కన మిత్రులు ఉన్నారు, అన్నయ్య సంగతి వాళ్లకు నేను ఎన్నడూ చెప్పలేదు, ఆ సిగ్గు నా నోరు నొక్కేసింది. నాలుగైదు దెబ్బలు పడేంత సేపు అలాగే నిలబడ్డాను. తరువాత వెళ్లి, వీపు మీద చెయ్యి వేసి, బండి కడుతున్నారని చెప్పాను. వేళ్లు విడిపోయాయి.

తిరిగి వచ్చేటప్పుడు బండిలో అన్నయ్య పెదవి వాచి ఉంది. తనను కొట్టిన ఆ చెరుకుగడలో ఒక ముక్క ఎప్పుడు ఏరుకున్నాడో గానీ అతని చేతిలో ఉంది. దాన్ని మోకాలి మీద పెట్టి విరిచి, పెద్ద ముక్క నాకు ఇచ్చి, ‘నీకు దెబ్బ తగిలిందా?’ అని అడిగాడు.

నాలుగేళ్ల తరువాత, ఎం.ఏ. చదివేటప్పుడు, విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో ఈ నవల మొదటిసారి నా చేతికి వచ్చింది. వంద పేజీల చిన్న పుస్తకం గదా, ఒక పూటలో అయిపోతుందనుకున్నాను. వీడ్ అనే ఊళ్లో లెన్నీ ఒక అమ్మాయి ఎర్ర గౌను తాకి చూడబోవడం, ఆమె అరవడం, బెదిరిపోయిన లెన్నీకి గట్టిగా పట్టుకోవడం తప్ప మరొకటి తోచకపోవడం, జార్జ్ కంచె కర్రతో తల మీద కొట్టి ఆ పట్టు విడిపించడం, ఇద్దరూ పారిపోయి నీటి కాలువలో దాక్కోవడం దగ్గరికి వచ్చేసరికి పుస్తకం మూసేసి బయటికి వెళ్లిపోయాను. ఆ రోజు మళ్లీ తెరవలేదు. భయం పట్టును బిగిస్తుందన్న సంగతి గదిలో కూర్చొని ఊహించి రాయగలిగేది కాదు. అలాంటి మనిషి పక్కన బతికినవాడికే తెలుస్తుంది. స్టైన్‌బెక్‌కు తెలుసు. కాలిఫోర్నియాలో సలీనాస్‌లో పుట్టిన ఆయన యువకుడిగా అక్కడి పొలాల్లో కూలి పని చేశాడు. లెన్నీ నిజంగా ఉన్న మనిషేననీ, అతని పక్కన తాను చాలా వారాలు పని చేశాననీ 1937లో న్యూయార్క్ టైమ్స్‌తో మాట్లాడుతూ చెప్పాడు. ఆ అసలు మనిషి చంపింది అమ్మాయిని కాదు, పొలం మీది పెత్తందారుని. కారణం ఏమిటంటే, ఆ పెత్తందారు ఇతని స్నేహితుడిని పనిలోంచి తీసేశాడు.

ఈ చివరి వాక్యం దగ్గర కాసేపు ఆగండి. అసలు లెన్నీ స్నేహితుడి కోసం కోపం తెచ్చుకున్నవాడు. ఆ కోపాన్ని, ఆ చావును నేను సమర్థించడం లేదు. కానీ ఈ నవలకు పునాదిలో ఉన్నది బుద్ధి చాలని మనిషి మీద బుద్ధిమంతుడు చూపిన జాలి కాదు. బుద్ధి చాలని మనిషికి తన నేస్తం మీద ఉన్న పట్టుదల. నవలలో అది ఎన్నో చోట్ల కనిపిస్తుంది. మొదటి అధ్యాయంలో, నది ఒడ్డున, చిక్కుడు గింజలు తింటూ లెన్నీ తనకు కెచప్ కావాలంటాడు. జార్జ్ మండిపడతాడు, నీ వల్లే నా బతుకు ఇలా అయిందంటాడు. అప్పుడు లెన్నీ అంటాడు, ఇక్కడ కెచప్ ఉన్నా నేను ముట్టను, అంతా నీకే వదిలేస్తాను అని. నీకు అడ్డమైతే చెప్పు, కొండల్లోకి వెళ్లి ఏదో ఒక గుహ చూసుకొని ఉంటానంటాడు. మోకాలి మీద విరిచిన చెరుకు ముక్క నాకు అక్కడ కనిపించింది. నాలుగో అధ్యాయంలో, గుర్రాల కొట్టంలో ఒంటరిగా బతికే నల్లజాతి పనివాడు క్రుక్స్, జార్జ్ ఈ రాత్రి తిరిగి రాకపోతే ఏం చేస్తావని లెన్నీని వేధిస్తాడు. అంతవరకూ నవ్వుతున్న లెన్నీ లేచి నిలబడి, జార్జ్‌కు ఎవరు హాని చేశారంటూ మీదికి వస్తాడు. క్రుక్స్ భయపడి మాట మారుస్తాడు. ఇక తామిద్దరూ తక్కిన కూలీల్లాంటి దిక్కులేని వాళ్లు ఎందుకు కారో చెప్పే వాక్యం ఎవరి నోట వస్తుందో చూడండి. నన్ను చూసుకోవడానికి నువ్వున్నావు, నిన్ను చూసుకోవడానికి నేనున్నాను అని లెన్నీయే సంతోషంగా అందుకుంటాడు. ఆ వాక్యంలోని రెండో సగాన్ని పాఠకులు పసితనపు మాటగా దాటేస్తారు. నేను దాన్ని ఉన్నదున్నట్టుగా నమ్ముతాను.

జార్జ్‌ను నేను తక్కువ చేయడం లేదు. సాక్రమెంటో నది దగ్గర జరిగినది అతను తోటి పనివాడు స్లిమ్‌తో చెప్పుకునే ఘట్టం నాకు కంఠస్థం. పక్కన మనుషులుంటే వాళ్ల ముందు గొప్ప కోసం లెన్నీని నదిలో దూకమంటాడు. ఈత రాని లెన్నీ దూకేస్తాడు, మునిగిపోబోతాడు. బయటికి లాగాక, దూకమన్నది జార్జేనన్న సంగతి మరిచిపోయి, కాపాడినందుకు ఎంతో కృతజ్ఞత చూపుతాడు. ఆ రోజు నుంచి అలాంటి ఆటలు మానేశానని జార్జ్ చెబుతాడు. జార్జ్‌ను మనిషిగా నిలబెట్టింది ఆ కృతజ్ఞత. కోటప్పకొండ నుంచి వచ్చే దారిలో నాకూ అదే జరిగింది గనుక ఈ మాట అంత గట్టిగా అనగలుగుతున్నాను. అన్నయ్య ఏ చదువూ లేకుండా నాకు నేర్పినది మరే గురువూ నేర్పలేదు.

ఈ పుస్తకాన్ని పరీక్షల కోసం చదివించే పద్ధతి మీద నాకు కోపం ఉంది. లెన్నీ చావుకు బాధ్యులెవరు అని పది మార్కుల ప్రశ్న ఇస్తారు. గైడ్లలో జార్జ్ ఒక వరుస, పొలం యజమాని కొడుకు కర్లీ ఒక వరుస, లెన్నీ చేతిలో పోయిన కర్లీ భార్య ఒక వరుస. కర్లీ భార్యకు రచయిత పేరు కూడా పెట్టలేదు. ఆ పొలంలో ఆమెను మనిషిగా చూసేవాడు లేడని తెలియడానికే అలా చేశాడని నేను అనుకుంటాను. పిల్లలు మాత్రం ఆమెను చెడ్డదని రాసి మార్కులు తెచ్చుకుంటారు. ఈ నవలను బ్రాడ్వేలో నాటకంగా ఆడినప్పుడు ఆ వేషం వేసిన క్లేర్ లూస్ అనే నటికి స్టైన్‌బెక్ స్వయంగా ఉత్తరం రాసి, ఆ అమ్మాయి మంచిదని, ఆమెతో ప్రేమగా మాట్లాడినవాళ్లు లేరని వివరించాడు. ఇంతకన్నా బాధాకరమైనది టెక్సాస్‌లో జరిగింది. బుద్ధిమాంద్యం ఉన్నవారికి మరణశిక్ష వేయకూడదని 2002లో అమెరికా సుప్రీంకోర్టు చెప్పాక, ఎవరు ఆ కోవలోకి వస్తారో తేల్చడానికి 2004లో ఆ రాష్ట్రపు ఉన్నత క్రిమినల్ న్యాయస్థానం తన తీర్పులో లెన్నీని ఉదాహరణగా తీసుకొచ్చింది. లెన్నీలా ఉన్నవాడికి మినహాయింపు ఇవ్వాలని అక్కడి పౌరులు చాలామంది ఒప్పుకుంటారట! అంటే లెన్నీ అంతగా బుద్ధిమాంద్యం లేనివాడికి మరణశిక్ష తప్పదన్నమాట. 2012లో రచయిత కుమారుడు థామస్ స్టైన్‌బెక్ తన తండ్రి పాత్రను ఇలా వాడుకోవడం దారుణమని బహిరంగంగా ఖండించాడు. 2017లో సుప్రీంకోర్టు ఆ కొలమానాన్ని తోసిపుచ్చింది. లెన్నీని మనిషిగా కాక ఒక లోపంగా చదివితే న్యాయమూర్తులు కూడా ఎంత దూరం తప్పుతారో చూడండి.

ఇక మీ అబ్బాయి అడిగిన ప్రశ్న. ఆ తూటాను నేను స్నేహానికి నిదర్శనం అనను, హత్య అనీ తోసేయను. ముసలి కూలీ క్యాండీ తన కుక్కను పరాయివాడు కార్ల్‌సన్ తీసుకెళ్లి కాలుస్తుంటే మంచం మీద పడుకొని పైకప్పు చూస్తూ ఉండిపోతాడు. ఆ పని తానే చేయవలసిందని తరువాత జార్జ్‌తో కుమిలిపోతాడు. జార్జ్ ఆ మాట విన్నాడు. చివరికి అదే కార్ల్‌సన్ తుపాకీని అతను దొంగిలిస్తాడు. నెలకు యాభై డాలర్ల కూలీ అతను. అతను లెన్నీకి కథలా చెబుతూ వచ్చిన కల, ఆరు వందలు పెడితే వచ్చే పదెకరాలు, ఆ కుందేళ్లు, ఆ లూసర్న్ గడ్డి మడి చేతికి అందలేదు. నేనున్నానని నిలబడే పోలీసు గానీ, వైద్యుడు గానీ, ఇరుగుపొరుగు గానీ లేరు. మా అన్నయ్యకు అమ్మ ఉంది, ఊరు ఎంత వెర్రోడన్నా అన్నం పెట్టే ఇళ్లు నాలుగు ఉన్నాయి, అందుకే అతను యాభై రెండేళ్లు బతికి నిద్రలో పోయాడు. జార్జ్ దగ్గర ఆ పొలం కథ, ఒక తుపాకీ మాత్రమే మిగిలాయి. ఆ రెంటినీ ఒకేసారి వాడవలసి వచ్చింది.

కనుక మీ అబ్బాయిని చివరి పేజీతో మొదలుపెట్టనివ్వకండి. మొదటి అధ్యాయంలోని కెచప్ మాటలు గట్టిగా చదవమనండి. ఆ వెంటనే ఆరో అధ్యాయానికి వెళ్లి, నన్ను తిట్టవా అని లెన్నీ అడిగే చోటు చదవమనండి. జార్జ్‌కు మాట పెగలదు. తాను ఒక్కడే ఉంటే ఎంత హాయిగా బతికేవాడో అనే ఆ పాత తిట్టు అతని నోట జీవం లేకుండా వస్తుంది, మధ్యలో ఆగిపోతుంది. అప్పుడు ఆగిన చోట మాట అందించి ముందుకు నడిపించేది ఎవరో మీ అబ్బాయినే చెప్పమనండి.