మీరడిగారు: మేకతో ఆట, గుర్రాల పండగ

ప్రశ్న: సార్, మా అబ్బాయి కిర్గిజ్‌స్తాన్‌లో, బిష్కెక్‌లో ఎంబీబీఎస్ చదువుతున్నాడు. మొన్న వాట్సాప్‌లో ఒక వీడియో పంపాడు. గుర్రాల మీద కొంతమంది తలలేని మేకని పట్టుకుని లాక్కుంటున్నారు, చుట్టూ జనం ఈలలు. అదేం ఆట సార్? నాకైతే ఆ పూట అన్నం సహించలేదు. (ఒక తల్లి, ఖమ్మం)

జవాబు: ఆటేనమ్మా, మనకి క్రికెట్ ఎలాగో వాళ్లకి అది అలాగ. పేరు కోక్ బోరు. మైదానంలో అటు నలుగురు ఇటు నలుగురు, 20 నిమిషాల చొప్పున మూడు పీరియడ్లు. 30 కిలోలు దాటే ఆ మేకని ఉలాక్ అంటారు, దాన్ని పరిగెడుతున్న గుర్రం మీంచి పక్కకి ఒరిగి, చేతులు ఖాళీ లేక కొరడాని పళ్ల మధ్య కరిచిపట్టుకుని, నేల మీంచి లేపి తొడ కింద బిగించి, మిగతావాళ్లు మీద పడుతుంటే తప్పించుకుంటూ వెళ్లి అవతలి టీమ్ వైపు గట్టులా కట్టిన గుండ్రటి గోల్‌లో పడేయాలి. మేకని ముందే కోసేస్తారు, బతికున్నదాన్ని లాగరు, ఆట అయ్యాక ఆ మాంసం వండుకు తినడం పాత ఆనవాయితీ. ఇప్పుడు చాలాచోట్ల మేక బదులు బొమ్మ వాడుతున్నారు, కాబట్టి మీవాడు ఈసారి పంపే వీడియో కాస్త నయంగా ఉండొచ్చు. 2017లో యునెస్కో దీన్ని వారసత్వ జాబితాలో చేర్చింది.

అసలు సంగతేంటంటే ఇలాంటి ఆటలన్నీ మందలు కాసేవాళ్ల రోజువారీ పనిలోంచి పుట్టినవే. గుర్రం దిగకుండా గొర్రెపిల్లని లేపుకోవడం, తోడేలుని తరమడం, వేటాడ్డం. ఈ ఆటలన్నీ కలిపి 2014లో వరల్డ్ నోమాడ్ గేమ్స్ మొదలుపెట్టారు, మొదటి మూడుసార్లూ కిర్గిజ్‌స్తాన్‌లోనే, ఇస్సిక్ కుల్ సరస్సు ఒడ్డున. తర్వాత 2022లో టర్కీ, 2024లో కజకిస్తాన్. గుర్రాల మీద కుస్తీ కూడా ఉంటుంది అందులో, అవతలివాణ్ణి జీను మీంచి కిందకి లాగేస్తే గెలిచినట్టే.

ప్రశ్న: మంగోలియాలో గద్దల పండగ అంట కదా, పాపం ఆ పక్షిని జీవితాంతం కట్టేసి ఉంచుతారా? (డిగ్రీ విద్యార్థిని, కర్నూలు)

జవాబు: లేదు. పశ్చిమ మంగోలియాలో బయాన్ ఓల్గీ అనే చోట అక్టోబర్ మొదట్లో కజక్ వేటగాళ్లు చేసే పండగ అది. కొండ మీంచి వదిలిన గద్ద, కింద గుర్రం మీద ఉన్న యజమాని పిలుపుకి ఎంత తొందరగా వచ్చి చేతి మీద వాలితే అన్ని మార్కులు. ఎక్కువగా ఆడపక్షుల్నే పెంచుతారు, మగవాటికంటే పెద్దవి, కోపం కూడా ఎక్కువ. కొన్నేళ్లు వేటాడించాక అడవిలో వదిలేయడం వాళ్ల పద్ధతి.

ప్రశ్న: మంగోలియాలో జరిగే నాదమ్ పండగ గుర్రపు రేసుల్లో ఆఖరున వచ్చిన గుర్రానికీ సన్మానం చేస్తారట, నిజమా? చూడాలంటే ఎప్పుడు వెళ్లాలి? (రిటైర్డ్ టీచర్, గుంటూరు)

జవాబు: నిజమే మాస్టారూ, కాకపోతే రెండేళ్ల పిల్లగుర్రాల రేసులోనే. ఆఖరుదాని కోసం పాట పాడి, వచ్చే ఏడు ముందు నువ్వే అని దీవిస్తారు. ఈ ముచ్చట నాకు భలే నచ్చింది. మొదటి ఐదు గుర్రాలకీ వేరే మర్యాద, పులిసిన గుర్రప్పాలు (ఐరాగ్ అంటారు) వాటి మీద చిలకరిస్తారు. మన రేస్‌కోర్సుల్లా గుండ్రంగా తిరగడం ఉండదు, గడ్డి మైదానంలో గుర్రం వయసుని బట్టి 10 నుంచి 30 కిలోమీటర్ల దాకా సాగే పరుగు. గుర్రం సత్తా తెలియాలి కాబట్టి బరువు తక్కువని పిల్లల్ని ఎక్కిస్తారు, పదేళ్లు నిండనివాళ్లు కూడా ఉంటారు. హెల్మెట్లు పెట్టినా పడిపోయి దెబ్బలు తగిలినవాళ్లున్నారు, ప్రాణాలు పోయినవాళ్లూ ఉన్నారు. సంప్రదాయం సంప్రదాయమే గానీ ఇది మాత్రం నేను ఒప్పుకోలేను.

నాదమ్‌లో కుస్తీ కూడా ఉంటుంది, అందులో బరువుల లెక్కలుండవు, బక్కోడికి కొండలాంటోడు తగలొచ్చు. ఓడినవాడు గెలిచినవాడి చెయ్యి కింద నుంచి దూరి వెళ్లాలి, గెలిచినవాడు గద్దలా చేతులు చాచి ఆడతాడు.

జూలై 11 నుంచి 13 దాకా వెళ్లండి. రాజధాని ఉలాన్‌బాతర్ స్టేడియంలో టికెట్ దొరక్కపోతే బెంగపడకండి, పల్లెల్లో చిన్న నాదమ్‌లు బోలెడు, అక్కడైతే కుస్తీ పట్టేవాళ్లకి నాలుగడుగుల దూరంలో కూచుని చూడొచ్చు.