ఆర్కియాలజీ చదివి లైబ్రరీ ఉద్యోగంలో చేరితే తవ్వకాలకు దూరమైపోయినట్టేనా?

మీరు ఎం.ఏ. ఆర్కియాలజీ (పురావస్తు శాస్త్రం) చేశాను, లైబ్రరీ సైన్సు కూడా ఉంది, యూనివర్సిటీ లైబ్రరీలో ఉద్యోగం వచ్చింది, చేరితే చదివిందంతా వృథా అవుతుందేమోనని టెన్షన్‌గా ఉంది అన్నారు. పదకొండేళ్ల కింద నాదీ ఇదే టెన్షన్. చేరాను, ఇప్పటికీ అక్కడే ఉన్నాను.

మా అమ్మ మాత్రం "ఎండలో మట్టి తవ్వే బాధ తప్పింది, నీడపట్టున కూర్చుంటావు" అని సంబరపడింది. నాకేమో ఏడుపొచ్చింది.

చేరిన కొత్తలో పాత పుస్తకాలు సర్దుతుంటే జోన్ డు ప్లాట్ టేలర్ అనే ఆవిడ గురించి తెలిసింది. 1906లో పుట్టిన బ్రిటిష్ ఆవిడ. 1930ల్లో సైప్రస్ మ్యూజియంలో పనిచేస్తూ, 1938-39లో అప్లికి అనే చోట పాతకాలపు రాగి గనుల ఊరు తవ్వింది. యుద్ధం అయ్యాక లండన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఆర్కియాలజీలో లైబ్రేరియన్‌గా చేరి, పాతికేళ్లు ఆ ఉద్యోగం చేసింది. మధ్యలో సైప్రస్ వెళ్లి మళ్లీ తవ్వింది కూడా.

1960లో టర్కీ తీరంలో గెలిడోన్యా దగ్గర సముద్రం అడుగున ఒక ఓడ శిథిలాన్ని తవ్వారు. మూడు వేల రెండొందల ఏళ్ల నాటి ఓడ. నాయకుడు జార్జ్ బాస్ అప్పటికి కుర్ర విద్యార్థి. ఆ బృందంలో మన లైబ్రేరియన్ కూడా ఉంది, అప్పటికి యాభై దాటిన మనిషి. మునిగేవాళ్లు పైకి తెచ్చిన గట్టిపడ్డ ముద్దల్ని ఒడ్డున విడదీస్తే నాలుగు మూలలూ చెవుల్లా పొడుచుకొచ్చిన రాగి దిమ్మెలు బయటపడ్డాయి. చాలా ఏళ్ల తర్వాత పరీక్షలు చేస్తే, ఆ తరహా దిమ్మెల రాగి అప్లికి ఖనిజంతో సరిపోయింది. తను ఎప్పుడో తవ్విన ఊరి గనుల సరుకే! ఇది చదివిన రోజు మధ్యాహ్నం క్యారియర్ విప్పడం కూడా మర్చిపోయాను.

నాటికల్ ఆర్కియాలజీకి, అంటే ఓడల, సముద్రం అడుగు శిథిలాల పురావస్తు శాస్త్రానికి, 1972లో అంతర్జాతీయ పత్రిక మొదలైతే తొలి సంపాదకురాలూ ఆవిడే. లైబ్రరీలో ఇరవై నాలుగు గంటలూ జర్నల్స్ మధ్య బతికిన మనిషికి అది రాకపోతే ఎవరికొస్తుంది?

నా సంగతికొస్తే, చదువుకునే రోజుల్లో ట్రైనింగ్ తవ్వకంలో ఒక తప్పు చేశాను. కుండపెంకుల సంచిలో చీటీ పెట్టాను గానీ మామూలు ఇంకు పెన్నుతో రాశాను. రాత్రి వాన పడింది. పొద్దున చూస్తే చీటీ మీద నీలం మరక తప్ప ఏమీ లేదు. ఏ ట్రెంచో (తవ్విన గుంట), ఏ మట్టి పొరో తెలియని పెంకులు ఇక మట్టిబెడ్డలతో సమానం. సార్ తిట్టలేదు, సంచి పక్కన పెట్టేశారంతే. తిట్టినా బాగుండేది. ఇవాళ యాక్సెషన్ నంబరు (లైబ్రరీ ఒక్కో పుస్తకానికి ఇచ్చే నంబరు) తప్పు వేసిన పుస్తకం చేతికొస్తే నాకు ఆ నీలం మరకే కనిపిస్తుంది.

రాసిపెట్టింది ఎంత ముఖ్యమో తెలియాలంటే నాగార్జునకొండ చూడండి. తవ్వకాలు 1954 నుంచి 60 దాకా జరిగాయి. నివేదిక మొదటి సంపుటం 1975లో వచ్చింది, చారిత్రక యుగం మీద రెండోది 2006లో! లోయేమో సాగర్ నీళ్లలో ఉంది. కొన్ని కట్టడాలు తరలించి కట్టారు నిజమే, కానీ ఏది ఎక్కడ ఏ పొరలో దొరికిందో కావాలంటే ఆ సంపుటాలే గతి. ఒకసారి ఓ రీసెర్చ్ స్కాలర్ వాటికోసం రెండు ఊళ్లు తిరిగి మా దగ్గరికొచ్చింది. మా దగ్గర మొదటిది ఉంది, కానీ కేటలాగులో "యాత్రలు" కింద పడేశారు ఎవరో మహానుభావులు. ట్రెంచ్‌లో నిలబడ్డవాళ్లయితే ఆ పని చేయరు.

కష్టాలు కూడా చెప్తాను. చలికాలం తవ్వకాల సీజన్, అప్పుడే సెమిస్టర్ పరీక్షలు, సెలవు దొరకదు. పదకొండేళ్లలో సైటుకి మూడుసార్లే వెళ్లగలిగాను, అదీ సొంత సెలవు పెట్టుకుని. పైకి పోవాలంటే లైబ్రరీ సైన్సులోనే యూజీసీ నెట్ పరీక్ష లాంటి అర్హత కావాలి, ఆర్కియాలజీ నెట్ పనికిరాదు.

జాయిన్ అయ్యే ముందు ఓసారి ఆ లైబ్రరీకి మామూలు పాఠకురాలిలా వెళ్లి, తవ్వకాల నివేదికలు ఎక్కడున్నాయని అడిగి చూడండి. ఎవరికీ తెలియదంటే మీకక్కడ చేతినిండా పనుంది.