మిడ్‌సైజ్ పికప్‌తో కొండల్లో క్యాంపర్ లాగాలంటే 6,400 పౌండ్ల రేటింగ్ సరిపోతుందా?

మీరు అడిగింది క్లుప్తంగా: 3.5 లీటర్ల వీ6 ఇంజిన్, 278 హార్స్‌పవర్, డబుల్ క్యాబ్ పికప్. టోయింగ్ రేటింగ్ (లాగగల గరిష్ఠ బరువు) 6,400 పౌండ్లు. డోర్ స్టిక్కర్ మీద పేలోడ్ (పికప్ తన మీద మోయగల బరువు) 1,120. కొనాలనుకుంటున్న క్యాంపర్ ట్రైలర్ డ్రై వెయిట్ (ఖాళీ బరువు) 3,700, జీవీడబ్ల్యూఆర్ (నింపాక దాటకూడని మొత్తం బరువు) 4,800. ఇద్దరు పెద్దలు, ఇద్దరు పిల్లలు. అమెరికాలోని డెన్వర్ నుంచి ఐ-70 హైవే మీద ఐసెన్‌హోవర్ టన్నెల్ దాటి పడమరకు వెళ్లాలి. "1,600 పౌండ్ల మార్జిన్ ఉంది కదా, ఎక్కుతుందా?"

ఎక్కుతుంది. అయినా ఈ పికప్‌కి ఈ ట్రైలర్ వద్దు. మీకు ఇబ్బంది వచ్చేది రెండు చోట్ల: పికప్ వెనక యాక్సిల్ మీద పడే బరువు దగ్గర, టన్నెల్ దాటాక సిల్వర్‌థార్న్ ఊరి వైపు దిగే దిగుడులో.

ముందు ఆ 6,400 సంగతి. ఇప్పటి టోయింగ్ రేటింగులు ఎక్కువగా ఎస్ఏఈ జే2807 అనే ప్రమాణం ప్రకారం ఇస్తారు. ఆ లెక్కలో బండిలో ఉండేది డ్రైవరూ, పక్కన ఇంకొక్కరూ, మనిషికి 150 పౌండ్ల చొప్పున. ఎక్కించే ఘాట్ ఆరిజోనాలోని డేవిస్ డ్యామ్ గ్రేడ్. 100 డిగ్రీల ఫారన్‌హీట్ ఎండలో, ఏసీ పూర్తిగా పెట్టి 11.4 మైళ్లు లాగాలి. గట్టి పరీక్షే. కానీ ఆ రోడ్డు సుమారు 3,500 అడుగుల ఎత్తు దగ్గర అయిపోతుంది, మీ టన్నెల్ 11,000 అడుగుల పైన ఉంది. పైగా మీరు నలుగురు.

ఇప్పుడు పేలోడ్. డ్రైవర్ తలుపు తీస్తే ఫ్రేమ్ మీద టైర్ల స్టిక్కర్ ఉంటుంది, మనుషులూ సామానూ కలిపి ఇంత దాటకూడదని. బ్రోషర్‌లో అంకె పక్కన పెట్టండి, మీ బండికి అంటించిన అంకే మీది. ట్రైలర్ ముందు భాగం హిచ్ (పికప్ వెనక ట్రైలర్ తగిలించే అమరిక) మీద మోపే బరువు, అంటే టంగ్ వెయిట్, ఈ 1,120లోంచే పోతుంది. చాలామంది మరిచిపోయేది ఇదే.

ట్రైలర్ డ్రై వెయిట్ మీద ఎవరూ ప్రయాణం చేయరు. డీలర్ బిగించే బ్యాటరీ 50 పౌండ్లు, నిండు ప్రొపేన్ సిలిండర్లు రెండు కలిపి 75 దాకా. నీళ్లు గ్యాలన్‌కి 8.3 పౌండ్ల లెక్కన 30 గ్యాలన్లకు 250. పరుపులు, గిన్నెలు, కుర్చీలు, తిండి, లెవెలింగ్ బ్లాకులు, హోస్ పైపులు అన్నీ చేరితే 4,600 దగ్గర తేలుతుంది. టంగ్ వెయిట్ మొత్తంలో 10 నుంచి 15 శాతం ఉండాలి. 13 శాతం వేసుకుంటే 600 పౌండ్లు. మనుషులు 480, వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్ (స్ప్రింగు బార్లతో బరువును మిగతా యాక్సిళ్లకీ పంచేది) 80, బెడ్ మీద క్యానపీ (పైకప్పు) ఉంటే 150, కూలర్, పనిముట్లు 120. మొత్తం 1,430. అంటే 310 పౌండ్లు అదనం. క్యానపీ తీసేసి, బెడ్ సామాను 50కి తగ్గించినా 1,210 అవుతుంది. ఇంకా 90 ఎక్కువే. వెయిట్ డిస్ట్రిబ్యూషన్ బార్లు టంగ్ వెయిట్‌లో కొంత ట్రైలర్ యాక్సిల్ మీదికి తోస్తాయి, నిజమే, కానీ ఆ కొంత మీద ఆశ పెట్టుకుని ట్రైలర్ కొనకండి. వెనక సస్పెన్షన్‌కి గాలి సంచులు (ఎయిర్‌బ్యాగులు) వేయిస్తే పేలోడ్ పెరుగుతుందనే మాట కూడా నమ్మొద్దు. బండి వెనక భాగం పైకి లేస్తుందంతే. యాక్సిల్, బ్రేకులు, ఫ్రేమ్ అవే.

అదే నిండు బరువు 3,500 ఉండే ట్రైలర్ తీసుకుంటే టంగ్ 455. మనుషులు, హిచ్, బెడ్‌లో 50 పౌండ్ల సామాను కలిపి 1,065. స్టిక్కర్ లోపలే ఉన్నారు. కాబట్టి జీవీడబ్ల్యూఆర్ 3,500 నుంచి 3,800 మధ్య వెతకండి.

కొన్నాక తూకం వేయించాలి. హైవే పక్క ట్రక్ స్టాపుల్లో క్యాట్ స్కేల్ (లారీలు తూచే కాటా) ఉంటుంది. కుటుంబమంతా బండిలో కూర్చుని, ప్రయాణానికి నింపినట్టే నింపి, మూడుసార్లు ఎక్కించండి: బార్లు బిగించి ఒకసారి, బార్లు వదులు చేసి ఒకసారి, ట్రైలర్ విప్పేసి పికప్ ఒక్కటే ఒకసారి. రెండో తూకంలో పికప్ రెండు యాక్సిళ్ల మొత్తం నుంచి మూడో తూకం తీసేస్తే టంగ్ వెయిట్ వస్తుంది. రెండో తూకంలో ముందు యాక్సిల్ ఎంత తేలికైందో, మొదటి దానిలో ఎంత తిరిగొచ్చిందో చూసుకోండి. ఎంత తిరిగి రావాలో మాన్యువల్ చెబుతుంది. ముందు చక్రాల మీద బరువు లేకపోతే మలుపుల్లో స్టీరింగ్ తేలిపోతుంది. హిచ్ రిసీవర్ (హిచ్ దూర్చే గొట్టం) మీద కూడా ఒక స్టిక్కర్ ఉంటుంది. బార్లు లేకుండా ఎంత, బార్లతో ఎంత అని రెండు అంకెలు ఉంటాయి, వాటినీ చదవండి.

ఎక్కేటప్పుడు: టర్బో లేని ఇంజిన్ ప్రతి 1,000 అడుగులకు సుమారు 3 శాతం బలం కోల్పోతుంది. 278 ఉన్నది టన్నెల్ దగ్గర 190 దగ్గరికి దిగుతుంది, చక్రాల దాకా చేరేది 165 అనుకోండి. బండి, ట్రైలర్ కలిపి 9,500 పౌండ్లతో 6 శాతం ఎక్కుడులో 45 మైళ్ల వేగానికి ఉజ్జాయింపుగా 100 హార్స్‌పవర్ కావాలి. 60 మైళ్లకు 155. అంటే 60లో పోవాలంటే ఇంజిన్‌ని చివరిదాకా పిండాలి. 40-45లో కుడి లేన్‌లో ఉండండి, హజార్డ్ లైట్లు వేసుకోండి. గేర్‌ని మీరే 3లోనో 4లోనో పట్టి ఉంచండి. డీ (డ్రైవ్) లో వదిలేస్తే గేర్లు పైకీ కిందికీ మారుతూ, టార్క్ కన్వర్టర్ (ఇంజిన్‌ని గేర్‌బాక్స్‌కి ఆయిల్ ద్వారా కలిపే భాగం) లాక్ ఊడుతూ ఉంటుంది. ట్రాన్స్‌మిషన్ ఆయిల్ కాగేది అక్కడే. 4,500 ఆర్‌పీఎం దగ్గర ఇంజిన్ అరుస్తోందని భయపడకండి, పెట్రోల్ ఇంజిన్ దానికే తయారైంది. ఓబీడీ రీడర్‌తో (బండి కంప్యూటర్ అంకెలు చూపే చిన్న పరికరం) ట్రాన్స్‌మిషన్ ఉష్ణోగ్రత చూస్తూ ఉండండి. 230 ఫారన్‌హీట్ దాటి అక్కడే నిలబడితే పుల్‌అవుట్‌లో ఆపి, పార్క్‌లో పెట్టి ఇంజిన్‌ని ఆడనివ్వండి. వెంటనే ఆర్పేస్తే ఆయిల్, కూలెంట్ తిరగడం ఆగిపోతుంది.

దిగుడు గురించి నేను ఎక్కువ చెప్పాలి. టన్నెల్ పడమర ద్వారం 11,158 అడుగుల దగ్గర ఉంది. అక్కణ్ణుంచి సిల్వర్‌థార్న్ దాకా 6-7 శాతం దిగుడు, దారిలో రెండు రన్‌అవే ర్యాంపులు (బ్రేకులు పోయిన బండి ఆగడానికి కట్టిన పక్కదారులు). 6 శాతం అంటే ప్రతి మైలుకీ 317 అడుగుల ఎత్తు వదులుతున్నారు, ఆ శక్తి ఎక్కడికో ఒకచోటికి పోవాలి. గాలి, టైర్లు కొంత తింటాయి. మిగిలింది ఇంజిన్ తీసుకోవాలి, లేదా బ్రేకుల్లో వేడి కావాలి. అందుకే టన్నెల్ లోపలే, దిగుడు మొదలవకముందే వేగం 45కి తెచ్చి, 3వ గేర్‌లో పెట్టండి. వేగం పెరిగిపోయాక గేర్ దించుదామంటే ఆర్‌పీఎం ఎక్కువవుతుందని ట్రాన్స్‌మిషన్ ఒప్పుకోకపోవచ్చు. క్రూయిజ్ కంట్రోల్ ఆపేయండి.

కాలు బ్రేక్ మీద అలా ఆనించి దిగొద్దు. 45 అనుకుంటే, 45 రాగానే గట్టిగా మూడు సెకన్లు నొక్కి 40కి తెచ్చి పూర్తిగా వదిలేయండి. మళ్లీ 45 అయ్యాక అంతే. ఆ మధ్య సమయంలో డిస్కులకు గాలి తగులుతుంది. గేర్ సరైనదైతే ఈ నొక్కుడు నిమిషానికి ఒకటో రెండో ఉంటుంది. అంతకంటే ఎక్కువసార్లు నొక్కాల్సి వస్తే ఇంకో గేర్ దించాలి. కాలిన వాసన వస్తే అది హెచ్చరిక. పెడల్ మెత్తబడితే బ్రేక్ ఫ్లూయిడ్ మరుగుతోందని అర్థం. పెడల్ గట్టిగానే ఉండి బండి ఆగకపోతే లైనింగ్ పట్టు పోయింది. ట్రైలర్ డ్రమ్ములైతే వేడికి వ్యాకోచించి షూలకు దూరం జరుగుతాయి, సరిగ్గా కావలసినప్పుడే బలహీనపడతాయి. ఈ మూడింటిలో ఏది మొదలైనా బండి ఇంకా మాట వింటున్నప్పుడే ఆపండి. మాట వినకపోతే ర్యాంపులోకి తిప్పడానికి మొహమాటపడొద్దు, అది ఉన్నది అందుకే.

ట్రైలర్ బ్రేకులు పనిచేయాలంటే పికప్‌లో బ్రేక్ కంట్రోలర్ (ట్రైలర్ బ్రేకులకు కరెంటు పంపే పెట్టె) ఉండాలి. 7 పిన్ల సాకెట్ ఉన్నంత మాత్రాన కంట్రోలర్ ఉన్నట్టు కాదు. ప్రొపోర్షనల్ రకం (పికప్ ఎంత వేగంగా ఆగుతుంటే ట్రైలర్‌నీ అంతగా ఆపేది) వేయించండి. ఖాళీగా, చదునుగా, పొడిగా ఉన్న చోట 25 మైళ్ల వేగంలో కంట్రోలర్ లివర్ ఒక్కటే నొక్కండి. ట్రైలర్ చక్రాలు లాక్ అయితే గెయిన్ (ట్రైలర్ బ్రేకులకు పంపే బలం) కొద్దిగా తగ్గించండి, లాక్ అవడానికి కాస్త ముందు ఆపండి. సామాను నింపాక మళ్లీ చూసుకోవాలి. గెయిన్ ఎంత పెంచినా పట్టు లేకపోతే షూలు వదులయ్యాయి, లేదా వైరింగ్‌లో వోల్టేజ్ పడిపోతోంది. సెల్ఫ్ అడ్జస్టింగ్ కాని డ్రమ్ములను 3,000 మైళ్లకోసారి వెనకనుంచి స్టార్ వీల్ (షూల సర్దుబాటు పళ్లచక్రం) తిప్పి సరిచేయాలి.

ట్రైలర్ ఊగడం మొదలైతే, ముఖ్యంగా దిగుడులో, పికప్ బ్రేక్ తొక్కొద్దు, స్టీరింగ్ ఎదురు తిప్పొద్దు. యాక్సిలరేటర్ వదిలి, కంట్రోలర్ లివర్ మాత్రం నొక్కండి. ట్రైలర్ వెనక్కి లాగి తిన్నగా వస్తుంది. ఊగుడుకి అసలు కారణం ఎక్కువసార్లు తక్కువ టంగ్ వెయిట్. వెనక బంపర్ మీద సైకిళ్లు పెట్టడం, యాక్సిల్ వెనకున్న నీళ్ల ట్యాంకు నింపడం దానికి దారి. ట్యాంకు ఎక్కడుందో వంగి చూడండి. నీళ్లు క్యాంప్‌గ్రౌండ్‌కి చేరాక పట్టుకోవచ్చు.

మిగతావి చిన్నవి. ఎస్‌టీ (ట్రైలర్ల కోసమే చేసిన) టైర్లలో గాలి ఉదయం చల్లగా ఉన్నప్పుడు, సైడ్‌వాల్ మీద రాసినంత పెట్టండి. వేరే వేగం గుర్తు లేకపోతే ఎస్‌టీ టైర్లకు గరిష్ఠ వేగం 65 మైళ్లే. పైకెక్కాక గేజ్ రెండు పీఎస్ఐ ఎక్కువ చూపితే గాలి తీయొద్దు, బయటి వాయుపీడనం తగ్గడం వల్ల అది. చక్రం తీసి బిగించిన ప్రతిసారీ 10, 25, 50 మైళ్లకు లగ్ నట్లు టార్క్ రెంచ్‌తో మళ్లీ చూడండి. మైలేజ్ సగానికి పడిపోతుంది కనుక, సగం ట్యాంకు ఉండగానే పెట్రోల్ కొట్టించండి.