ఆదికాండం 27 దగ్గర ఆగిపోయినవాళ్లకి ఒక అక్క జవాబు

తండ్రిని మోసం చేసిన యాకోబునే దేవుడు ఎందుకు దీవించాడు, సొంత ఇంట్లో మోసపోయిన మనిషి ఆ అధ్యాయాన్ని ఎలా చదవాలి అని అడిగారు. బైబిల్ మొదటి పుస్తకం ఆదికాండంలో 27వ అధ్యాయం అంటే, ఇస్సాకు రిబ్కాల కవలల్లో చిన్నవాడు యాకోబు తల్లి చెప్పినట్టు అన్న ఏశావు వేషంలో తండ్రి దగ్గరికి వెళ్లి, అన్నకి దక్కాల్సిన దీవెన తీసుకున్న కథ. నేనూ అక్కడ ఆగిపోయినదాన్నే. కుటుంబ ప్రార్థనలో ఆదికాండం 27 వస్తే దాదాపు ఎనిమిదేళ్లు పేజీ తిప్పేశాను.

నాన్న పోయిన రెండేళ్లకి తమ్ముడు ఫోన్ చేసి, "అక్కా, పొలం మీద లోను తీసుకుంటున్నా, నీ సంతకం కూడా కావాలంట" అన్నాడు. వెళ్లాను. తమ్ముడే కదా అని చదవకుండా సంతకం పెట్టాను. అది లోను కాగితం కాదు, నా వాటా వదులుకుంటున్నట్టు రాసిన విడుదల దస్తావేజు. 1925 నాటి భారత వారసత్వ చట్టం ప్రకారం మన క్రైస్తవ కుటుంబాల్లో కూతురికీ కొడుక్కీ సమాన భాగం. అందుకే నా సంతకం లేకుండా వాడికి పని జరగదు. ఏడాదిన్నర తర్వాత ఈ సంగతి తెలిసింది. డెబ్బై సెంట్ల పొలం పోయినందుకు నేను పెద్దగా ఏడవలేదు. సంతకం పెట్టిన రోజు నాకిష్టమని గోంగూర పచ్చడి నూరి పెట్టిన అమ్మకి అంతా ముందే తెలుసని విన్నప్పుడు ఏడ్చాను.

రిబ్కా మేకపిల్లల మాంసం వండి, ఆ గిన్నె యాకోబు చేతికిచ్చే చోటు నేను చదవలేకపోయింది అందుకే.

పెద్దవాడు చిన్నవాడికి దాసుడవుతాడని దేవుడు పిల్లలు పుట్టకముందే చెప్పాడు కదా అని సంఘంలో కొందరు నాకు చెప్పారు. ఆ మాట నిజమే, 25వ అధ్యాయంలో ఉంది. కానీ ఇస్తానన్నవాడు దేవుడైనప్పుడు మధ్యలో అబద్ధం అవసరం ఏముంది? ఆ అధ్యాయంలో నన్ను అన్నిటికంటే భయపెట్టేది 20వ వచనం. వేట మాంసం ఇంత త్వరగా ఎలా దొరికిందని చూపు మందగించిన ఇస్సాకు అడిగితే, నీ దేవుడే నా ఎదుటికి రప్పించాడని యాకోబు అంటాడు. మోసంలోకి దేవుడి పేరు కూడా లాగాడు. నా సంతకం అయిపోయి ఇంటికొచ్చాక మా తమ్ముడు కూడా అందరినీ కూర్చోబెట్టి ప్రార్థన చేయించాడు.

అయినా అన్నకి భయపడి పారిపోతూ బేతేలు అనే చోట రాయి తలకింద పెట్టుకుని పడుకున్న యాకోబుకి దేవుడు నిచ్చెన చూపించాడు, నీకు తోడుగా ఉంటానన్నాడు. ఒక్క మాట కూడా మందలించలేదు. ఇది నాకు చాలాకాలం మింగుడు పడలేదు. ఆ తర్వాతి అధ్యాయాలన్నీ వరసగా చదివితేగానీ కాస్త అర్థం కాలేదు. తోడుగా ఉన్న దేవుడు అతను చేసిన పని ఫలితం నుంచి మాత్రం తప్పించలేదు. రాహేలు కోసం ఏడేళ్లు కొలువు చేస్తే మేనమామ లాబాను పెళ్లి రాత్రి చిన్నకూతురైన ఆమె బదులు పెద్దకూతురు లేయాను పంపాడు. పెద్దదాన్ని ఉంచి చిన్నదాన్ని ఇవ్వడం మా దేశ మర్యాద కాదన్నాడు. అన్న స్థానంలో నిలబడి దీవెన తీసుకున్నవాడికి ఆ మాట ఎలా తగిలి ఉంటుందో! ముసలితనంలో కొడుకులు తమ తమ్ముడు యోసేపు అంగీని మేక రక్తంలో ముంచి తెచ్చి చూపిస్తే, యోసేపుని మృగం చంపిందని నమ్మాడు. తన తండ్రిని అతను మోసం చేసిందీ అన్న బట్టలతోనూ మేకతోలుతోనూ. ఇక రిబ్కా కొన్నాళ్లు లాబాను దగ్గర ఉండు అని పంపిన కొడుకు ఇరవై ఏళ్లు రాలేదు. ఆమె అతన్ని మళ్లీ చూసినట్టు గ్రంథంలో ఎక్కడా లేదు. ఇది చదివాకే అమ్మ మీద నా కోపం మొదటిసారి తగ్గింది.

తమ్ముడి మీద మాత్రం తగ్గలేదు. వాడికీ ఒక లాబాను తగలాలని ఎదురుచూశాను. వ్యాపారంలో దెబ్బతిన్నాడని విన్నరోజు నాకు లోపల సంతోషం వేసింది. ఆ సాయంత్రం మోకరించాను గానీ నోట ప్రార్థన రాలేదు.

మీరు 27 తర్వాత 33 చదవండి. ఏశావు 400 మందితో వస్తున్నాడని, ఇరవై ఏళ్ల తర్వాత తిరిగొస్తున్న యాకోబు వణికిపోతూ వందల కొద్దీ మేకల్ని, గొర్రెల్ని, వాటితోపాటు ఒంటెల్ని, ఆవుల్ని, గాడిదల్ని ముందుగా కానుక పంపాడు. ఏశావు పరుగెత్తుకొచ్చి మెడమీద పడి ముద్దుపెట్టుకున్నాడు. నాకు కావలసినంత ఉంది, నీది నువ్వే ఉంచుకో అన్నాడు. తమ్ముణ్ణి చంపుతానన్న మనిషి ఈ మాట ఎలా అనగలిగాడు? మధ్యలో ఆ ఇరవై ఏళ్లలో అతని కోపం ఎలా కరిగిందో బైబిల్లో ఒక్క వచనం కూడా లేదు. ఏశావుని కలిసే ముందు రాత్రి యబ్బోకు రేవు దగ్గర దేవుడితో యాకోబు పెనుగులాట గురించి ఎన్నో ప్రసంగాలు విన్నాను. ఏశావు గురించి ఒక్కటీ వినలేదు. కృప ఏశావు ఇంటికీ వెళ్లిందని, ఎవరూ చూడకుండా అక్కడ కూడా పనిచేసిందని నేను గట్టిగా నమ్ముతాను. కానుక పుచ్చుకో అని యాకోబు బతిమాలే చోట హెబ్రీలో ఉన్న మాట బెరాకా, అంటే దీవెన. 27లో అతను దొంగిలించినదానికి వాడిన మాట కూడా అదే.

అమ్మ జారిపడి తుంటి ఎముక విరిగినప్పుడు ఆసుపత్రి వరండాలో తమ్ముడు నా పక్కన కూర్చుని, "తప్పు చేశానక్కా" అన్నాడు. పొలం తిరిగి రాలేదు, అప్పటికే అమ్మేశాడు. నేను క్షమించానని నోటితో అన్నాను. మనసు ఆ మాటని అందుకోవడానికి ఇంకో ఏడాది పట్టింది. ఇప్పటికీ వాడు ఏ కాగితం తెచ్చినా పూర్తిగా చదివే సంతకం పెడతాను, వాడూ ఏమీ అనుకోడు. ఏశావు తను ఉండే శేయీరుకి రమ్మంటే యాకోబు సరేనని చెప్పి సుక్కోతుకి వెళ్లిపోయాడు. కౌగిలించుకున్నా ఒకేచోట ఉండలేదు. మీ మీద కూడా అంత ఒత్తిడి పెట్టుకోకండి.

180 ఏళ్ల ఇస్సాకుని ఏశావు, యాకోబు ఇద్దరూ కలిసి సమాధి చేశారని 35వ అధ్యాయం చివర ఉంటుంది. మొన్న నవంబరు 2న సమాధుల పండుగకి మా ఊరెళ్లాను. నాన్న సమాధికి ఒకవైపు నేను, రెండోవైపు తమ్ముడు సున్నం వేశాం. అమ్మ కుర్చీలో కూర్చుని, ఇక్కడ పల్చగా పడింది, అక్కడ మళ్లీ వెయ్యండి అని చెబుతూ ఉంది.