గ్రాఫు కాగితంపై బిందువులను తారుమారు చేసే పిల్లలకు నేను చెప్పే పద్ధతి

తొమ్మిదో తరగతి చదువుతున్న మీ అమ్మాయి (3, 5)ను గుర్తించమంటే (5, 3) దగ్గర చుక్క పెడుతోందనీ, సున్నా గానీ ఋణ సంఖ్య గానీ వస్తే మరీ తడబడుతోందనీ రాశారు. గుంటూరులో మా ఇంటి వద్ద హైస్కూలు పిల్లలకు లెక్కలు చెబుతుంటాను కనుక ఈ తడబాటు నాకు ప్రతి ఏడూ ఎదురయ్యేదే. ‘ముందు అడ్డం, తర్వాత నిలువు’ అని వల్లె వేయించడం వల్ల ఇది పోవడం నేను చూడలేదు. పరీక్ష హడావిడిలో మొదట జారిపోయేది ఆ వల్లె వేసిన ముక్కే.

మా ఊరి పిల్లలకు బ్రాడీపేట చిరునామాతో మొదలుపెడతాను. అక్కడ 4/2 అంటే నాలుగో లైను, రెండో అడ్డరోడ్డు. 2/4 అంటే రెండో లైను, నాలుగో అడ్డరోడ్డు. అంకెలు అవే అయినా పార్సిలు వేరే ఇంటికి చేరుతుంది. లైను ముందు చెప్పాలన్నది ఊరంతా కలిసి ఒప్పుకున్న పద్ధతి, (3, 5) వంటి క్రమయుగ్మంలో (వరుస మారకూడని జతలో) ఎక్స్ ముందు రావడమూ అటువంటి ఒప్పందమే. అయితే ఈ పోలికను ఇక్కడే ఆపాలి, ఎందుకంటే బ్రాడీపేటలో సున్నా లైను లేదు, మైనస్ మూడో అడ్డరోడ్డు అసలే లేదు.

నా అనుభవంలో అన్నిటికన్నా మొండిది సున్నా. (0, 4)ను ఎక్కువ మంది పిల్లలు అడ్డంగా ఉండే ఎక్స్ అక్షంపై పెడతారు. ‘ఎక్స్ దగ్గర సున్నా ఉంది కదా’ అన్నది వారి వాదన. అందుకే ప్రతి బిందువుకూ పెన్సిలు మొనను రెండు అక్షాలు కలిసే మూలబిందువు వద్ద పెట్టించి, మొదటి సంఖ్య ఎంత చెబితే అంత కుడికో ఎడమకో జరపమంటాను. సున్నా అయితే పెన్సిలు కదలదు, ఆ తర్వాత నాలుగు గళ్లు పైకి వెళ్తుంది, చుక్క వై అక్షంపైనే పడుతుంది. అలా చేతితో చేశాకనే, ఎక్స్ నిరూపకం అంటే వై అక్షం నుంచి గుర్తుతో సహా కొలిచిన దూరమనీ, వై అక్షంపైనే ఉన్న బిందువుకు ఆ దూరం సున్నా కాక మరేమవుతుందనీ అడుగుతాను.

ఋణ సంఖ్యలకూ ఇదే నడక సరిపోతుంది: (−3, 2)కు ఎడమకు మూడు, పైకి రెండు. నాలుగు పాదాల (అక్షాలు కాగితాన్ని విడదీసే నాలుగు భాగాల) గుర్తుల పట్టికను కంఠస్థం చేయించవద్దు, పది బిందువులు పెట్టాక పిల్లలే దానిని రాసుకోగలరు. ఈ గ్రాఫుకే మరో పేరైన కార్టీజియన్ తలానికి పేరునిచ్చిన ఫ్రెంచి గణితవేత్త డెకార్ట్ 1637లో జ్యామితిపై ప్రచురించిన రచనలోనే ఈనాటి నాలుగు పాదాల బొమ్మ లేదు; ఋణ నిరూపకాలు తర్వాతి వారి చేతిలో స్థిరపడ్డాయి. కాబట్టి మీ అమ్మాయి అక్కడ ఆగడంలో వింతేమీ లేదు.

సాధనకు (4, 4) వంటి బిందువులు ఇవ్వకండి, తిరగేసినా అక్కడే పడతాయి కనుక తప్పు బయటపడదు. చుక్కలు మీరే పెట్టి క్రమయుగ్మాలు ఆమె చేత రాయించడం కూడా అవసరం. నిజానికి నేను దానికే ఎక్కువ సమయం ఇస్తాను.

ఆపైన మన ఊళ్లతో ఒక గ్రాఫు వేయించండి. ఫోనులోని మ్యాపు అక్షాంశాన్ని ముందు, రేఖాంశాన్ని తర్వాత చూపుతుంది: విజయవాడ సుమారు 16.51, 80.65, తెనాలి 16.24, 80.64, గుంటూరు 16.31, 80.44, మంగళగిరి 16.43, 80.56. రేఖాంశం తూర్పు పడమరలను చెబుతుంది కనుక ఎక్స్ అక్షంపైకి అదే వెళ్లాలి, అంటే ప్రతి జతనూ తిరగేయాలి. 0.1 డిగ్రీకి 2 సెంటీమీటర్ల స్కేలు తీసుకుని, అక్షాలను సున్నా నుంచి కాక 80.4, 16.2 నుంచి మొదలుపెట్టించండి. సరిగా వేస్తే తెనాలి దాదాపుగా విజయవాడకు సూటిగా కింద, మంగళగిరి విజయవాడ–గుంటూరు గీతకు ఆనుకొని వస్తాయి. మ్యాపు ఇచ్చిన వరుసలోనే వేస్తే మాత్రం తెనాలి విజయవాడకు పడమటకు వెళ్లిపోతుంది. తెనాలి రైలు దక్షిణానికి పోతుందని తెలిసిన పిల్లకు ఆ తప్పును ఇంకొకరు ఎత్తి చూపవలసిన పని ఉండదు.